గోల్కొండ సున్నం

మా నాయిన తాపీ మేస్త్రి. ఏ పాత కట్టడానికి పోయినా ముందు తలెత్తి గుమ్మటం చూసేవాడు కాదు. పెచ్చు లేచిన చోటు వెతుక్కుని బొటనవేలి గోరుతో గీకేవాడు. గోటికి పొడి అంటుకుంటే పెదవి విరిచేవాడు. గోరు జారిపోతే మాత్రం, "గానుగ పట్టిన సున్నంరా ఇది" అని, అప్పుడు నాలుగడుగులు వెనక్కి వేసి మిగతా కట్టడం చూసేవాడు. నల్గొండ పక్కన మాకు సొంత గానుగ ఉండేది. సిమెంటు బస్తా ఊరూరికీ చేరాక అది మూలబడింది. పాత గోడల మీద గోరు పెట్టకూడదని నాకు తెలుసు కాబట్టి నేను కళ్లతోనే గీకుతుంటాను. హైదరాబాద్ మసీదులన్నీ నేను అట్లా చూసినవే.

ఈ మసీదుల గురించి రాసేవాళ్లు చాలామంది ఇరాన్ నుంచి మొదలుపెడతారు. అందులో తప్పేమీ లేదు. కుతుబ్ షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ హమదాన్ ప్రాంతం నుంచి వచ్చి బీదర్‌లో బహమనీల కొలువులో ఎదిగినవాడు. కమాను వంపులో బీదర్ కనిపిస్తుంది, గుమ్మటం కింద విచ్చుకున్న రేకుల్లో బీజాపూర్ చుట్టరికం కనిపిస్తుంది. అయితే ఈ ఆకారాలన్నీ హైదరాబాద్‌లో ఏ పదార్థంలోంచి బయటికి వచ్చాయన్న మాట దగ్గరికి వచ్చేసరికి చాలామంది "గచ్చు పని" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకు అసలు కథ అక్కడే మొదలవుతుంది. మనం నిలబడి మెచ్చుకునే పూలు, లతలు, జాలీలు, మీనారు చుట్టూ తిరిగే పట్టీలు దాదాపు అన్నీ సున్నమే. లోపల ఉన్నది మొరటు నల్లరాళ్లు పేర్చి కట్టిన గోడ.

దీనికి కారణం ఇక్కడి రాయి. గోల్కొండ చుట్టూ ఎటు చూసినా గ్రానైటు గుట్టలే. ఉత్తరాదిన ఆగ్రా, ఫతేపూర్ సిక్రీల వాళ్లకు ఎర్ర ఇసుకరాయి ఉంది, మక్రానా పాలరాయి ఉంది. ఉలి పెడితే మాట వినే రాళ్లు అవి. మన గ్రానైటుకు వరసగా గుంటలు కొట్టి, చీలికలు దిగ్గొట్టి దిమ్మెగా పగలగొట్టవచ్చు. దిమ్మెలు పేర్చి కోటగోడ కడితే దానికి తిరుగుండదు. దాంట్లోనే ఆకు, తీగ, అక్షరం తీయాలంటే మాత్రం ఒక తరం గడిచిపోతుంది. చెక్కే చేతులు ఈ నేల మీద లేక కాదు. కాకతీయుల కాలంలో ఇక్కడి శిల్పులు నల్లని డోలరైటును అద్దంలా నునుపు చేసి స్తంభాలు నిలబెట్టారు, వేయిస్తంభాల గుడిలో, రామప్పలో చూడొచ్చు. కుతుబ్ షాహీలకు అంత తీరిక లేదు. వాళ్లు 1591లో ఒక ఊరికి ఊరే మొదలుపెట్టారు. బజార్లు, హమామ్‌లు, సరాయిలు, అషూర్‌ఖానాలు, పేటకో మసీదు ఒకదాని వెంట ఒకటి లేవాలి. రాయి గోడ వరకే పనికొచ్చింది. గోడకు కావలసిన ముఖం సున్నం ఇచ్చింది.

గానుగ సున్నం అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు కాబట్టి కొంచెం చెబుతాను. సున్నపురాయిని బట్టీలో కాలుస్తారు. కాలినప్పుడు రాయిలో ఉన్న బొగ్గుపులుసు గాలి ఎగిరిపోతుంది. మిగిలిన గడ్డల మీద నీళ్లు పోస్తే బుసబుసమని పొంగి, పొగలు కక్కి, పొడిపొడిగా విరుగుతుంది. ఆ సున్నాన్ని గుంటలో నీళ్ల కింద నానబెట్టాలి. ఎన్నాళ్లు నానితే అంత మంచిది. ఆ తర్వాత గానుగ. గుండ్రంగా తవ్విన కాలువలో రాతి చక్రం, దానికి కాడి, కాడికి ఎద్దులు. సున్నమూ ఇసుకా వేసి, నీళ్లు చిలకరిస్తూ ముద్ద జిగురెక్కేదాకా తిప్పాలి. మా నాయిన బెల్లం నీళ్లు పోసేవాడు, కరక్కాయలు ఊరేసిన నీళ్లు పోసేవాడు. గొప్ప కట్టడాలకు కోడిగుడ్డు తెల్లసొన, మినప్పిండి, మారేడు గుజ్జు కూడా కలిపేవాళ్లని పాత మేస్త్రీలు చెప్పుకునేవాళ్లు. గోడకు పూశాక అది గాలిలోంచి పోయిన గాలినే తిరిగి పీల్చుకుంటూ, మెల్లగా మళ్లీ రాయి అవుతుంది. ఆ మెల్లదనమే కళాకారుడికి వరం. తడి ఆరేలోపు చేతులాడించడానికి వ్యవధి దొరుకుతుంది. పువ్వును ముందు మోటుగా ముద్దతో నిలబెట్టి, తాపీ మొనతో రేకులు తీసి, మెత్తని పై పూత వేసి, నున్నటి గులకరాయితో రుద్దుతారు. రుద్దిన పూత మీద వేలు పెడితే వెన్న గుర్తొస్తుంది.

గోల్కొండ కోటలో బాలాహిస్సార్ ద్వారం దగ్గర ఉన్న జామా మసీదు 1518 నాటిది. సుల్తాన్ కులీ కట్టించాడు. దాని మీది శాసనంలో అప్పటి బహమనీ సుల్తాను మహమూద్ షా పేరు ఉంది. అంటే మసీదు లేచేనాటికి గోల్కొండ ఇంకా కాగితం మీదైనా బీదర్ చేతి కిందిదే. 1543లో ముసలి సుల్తాన్ కులీ హత్యకు గురైంది కూడా ఈ మసీదులోనేనని చరిత్రకారులు రాశారు. ఇంత కథ ఉన్నా కట్టడంగా అది నన్ను పెద్దగా ఆపదు. సాదాసీదాగా ఉంటుంది, సున్నానికి ఇంకా నోరు రాలేదు. 1591లో లేచిన చార్మినార్ దగ్గరికి వచ్చేసరికి అదే సున్నం గలగలా మాట్లాడుతుంది. చార్మినార్ పై అంతస్తులో పడమటి వైపు ఒక మసీదు ఉందన్న సంగతి కింద గాజులు కొనుక్కునేవాళ్లలో సగం మందికి తెలియదు. దాని పక్కనే, మళిగీల వెనక దాక్కున్నట్టుండే జామా మసీదు 1597-98 నాటిది. కొత్త నగరపు తొలి జుమ్మా మసీదు అది.

ఇక మక్కా మసీదు. గోల్కొండ వాళ్లు సున్నాన్ని పక్కనబెట్టి రాయితోనే తేల్చుకుందామని పంతం పట్టింది ఇక్కడే. 1617లో ఆరో సుల్తాను ముహమ్మద్ కుతుబ్ షా పునాది వేశాడు. పన్నెండో ఏట నుంచి ఒక్కరోజు కూడా అర్ధరాత్రి నమాజు తప్పనివాడే మొదటి రాయి వేయాలని ప్రకటిస్తే ఎవరూ ముందుకు రాలేదని, చివరికి సుల్తానే వచ్చి వేశాడని ఊళ్లో చెప్పుకుంటారు. పని చూసినవాళ్లుగా దారోగా మీర్ ఫైజుల్లా బేగ్ పేరూ, రంగయ్య చౌదరి పేరూ పుస్తకాల్లో జంటగా కనిపిస్తాయి. ఈ రంగయ్య ఎవరో, ఏ ఊరివాడో నాకు చాలా కుతూహలం. రాళ్లు కొట్టేవాళ్లతో, బండ్లు తోలేవాళ్లతో తెలుగులో బేరమాడి, పక్కకు తిరిగి ఫారసీలో లెక్క ఒప్పజెప్పిన మనిషి అయ్యుంటాడని ఊహించుకుంటాను.

ఫ్రెంచి రత్నాల వ్యాపారి తావెర్నియే గోల్కొండ వజ్రాల కోసం వచ్చినప్పుడు ఈ మసీదు ఇంకా కడుతూనే ఉన్నారు. మొదలుపెట్టి 50 ఏళ్లు కావస్తోందని రాశాడు. నమాజు దిక్కు చూపే మిహ్రాబు గూడు కోసం ఒకే బండను తవ్వి తీయడానికి 5 ఏళ్లు పట్టిందట. 500, 600 మంది దాని మీదే ఉన్నారట. దాన్ని లాగడానికి 1,400 ఎడ్లు కట్టారని తనతో చెప్పారట. వ్యాపారి కదా, విన్న అంకెలకు కొంత మెరుగు పెట్టి ఉండొచ్చు. సగం కొట్టేసినా 700 ఎడ్లు. అన్నిటికీ మేత, నీళ్లు, తోలేవాళ్లు, విరిగే ఇరుసులు, దారిలో పడే గుంతలు తలచుకుంటే గానుగ ఎద్దుల జత ఒక్కదాన్ని మేపిన ఇంటివాణ్నిగా నాకు కళ్లు తిరుగుతాయి.

ముహమ్మద్ కుతుబ్ షా 1626లో పోయాడు. కొడుకు అబ్దుల్లా 46 ఏళ్లు ఏలినా పని తెమల్లేదు. ఆయన అల్లుడు తానీషా కాలంలోనూ తెమల్లేదు. 1687లో కోట మొఘలుల చేతికి పోయింది. ఔరంగజేబు 1694 నాటికి మిగతాది ముగించాడు. 77 ఏళ్లు. మీనార్లు పొట్టిగా ఆగిపోయిన తీరు చూస్తే ముగించారనడం కంటే ఇక చాలనుకున్నారనడం నయం. హాలు మాత్రం గొప్పది. సుమారు 67 మీటర్ల పొడవు, 54 మీటర్ల వెడల్పు, 23 మీటర్ల ఎత్తు. పైకప్పును 15 కమానులు మోస్తున్నాయి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం లోపల అడుగుపెడితే రాతి చలవ కాళ్లకు తగులుతుంది. పక్కన రెండో నిజాం నుంచి ఆరో నిజాం వరకు సమాధులున్నాయి. ఊరి పెద్ద పండుగ నమాజులకు ఆవరణ కిక్కిరిసిపోతుంది. నాకు దాని మీద గౌరవముంది. ప్రేమ వేరే చోట ఉంది.

కార్వాన్‌లో ఉన్న తోలీ మసీదు మీద. పాత నగరం నుంచి గోల్కొండకు పోయే దారిలో, ఒకప్పుడు వజ్రాల వర్తకుల ఇళ్లూ, బిడారులు దిగే చావళ్లూ ఉన్న పేట అది. ఈ మసీదును 1671లో మూసా ఖాన్ కట్టించాడు. ఆయన అబ్దుల్లా కుతుబ్ షా దగ్గర మహల్దారు. దీనికి దమ్డీ మసీదు అని ఇంకో పేరుంది. మక్కా మసీదు పనుల మీద పెత్తనం మూసా ఖాన్‌కు అప్పగించారని, ఖర్చయిన ప్రతి రూపాయికీ ఒక దమ్డీ చొప్పున ఆయనకు ముట్టేదని, ఆ దమ్డీలు కూడబెట్టి ఇది కట్టించాడని చెబుతారు. కథ ఎంతవరకు నిజమైనా ఒక సంగతి గమనించండి. మక్కా మసీదు మొదలై 54 ఏళ్లయినా నిలబడని రోజుల్లో, అదే పని దగ్గర రాయి పెట్టే తిప్పలు రోజూ చూసినవాడు, సొంత డబ్బు పెట్టి కట్టుకోవలసి వచ్చినప్పుడు సున్నాన్నే నమ్ముకున్నాడు.

ఎత్తైన అరుగు మీద చిన్న కట్టడం. ముందు వైపు ఐదు కమానులు, రెండు చివర్లా రెండు మీనార్లు. లోపల ఒకదాని వెనక ఒకటిగా రెండు హాళ్లు, వెనక హాలుకు మూడు కమానులు. కొలతలు చెబితే ఇంతే, బొమ్మలో చూసినా ఇంతే. దగ్గరికి పోవాలి. కమాను భుజాల మీద గుండ్రటి పతకాలున్నాయి చూడండి, విచ్చిన తామరలు. ఒక మూల ఉన్న పువ్వు పక్క మూల ఉన్నట్టు అచ్చంగా ఉండదు. అచ్చుపోసినవి కావు, చేత్తో తీసినవి. రేకు అంచు కింద తాపీ మొనను లోపలికి తోసి గీసిన గాడి ఉంటుంది. ఆ గాడి వల్లే అంచు కింద సన్నని నీడ నిలుస్తుంది, రేకు గోడ మీంచి లేచినట్టు కనిపిస్తుంది. అది లేకపోతే పువ్వు చప్పగా చపాతీ అయిపోతుంది. గాడి ఎంత లోతు తీయాలో తడి చెబుతుంది. మరీ తడిగా ఉంటే రేకు జారుతుంది, ఆరితే పెళుసై విరుగుతుంది. ఆ ఘడియను పట్టుకోవడమే మేస్త్రీతనం. చూరు కింద వరస బ్రాకెట్లు, చూరు పైన జాలీ పనితో పిట్టగోడ, దాని మీద పిల్ల మీనార్లు. పెద్ద మీనార్లు కింద నెమ్మదిగా మొదలై, పైకి పోయేకొద్దీ పట్టీలు, గ్యాలరీలు పెరుగుతూ, చివర రేకుల మధ్య నుంచి లేచిన బుల్లి గుమ్మటంతో ఆగుతాయి. ఇంత సొగసు మీద కన్ను ఎక్కడా అలిసిపోదు, ఎందుకంటే మధ్యమధ్య గోడను ఖాళీగా వదిలేయడం వాళ్లకు తెలుసు. తర్వాతి కాలంలో ఆ నిగ్రహం అంతటా లేదు. 1906 నాటి బేగంపేట స్పానిష్ మసీదు కోణాల శిఖరాలు ముచ్చటైనవే కానీ అది వేరే కుటుంబం.

పొద్దున్నే పోవాలి. హైదరాబాద్ నుంచి మక్కా దాదాపు పడమర, కొద్దిగా ఉత్తరానికి వాలి. అందుకే మన మసీదులన్నిటి ముఖం తూర్పుకు ఉంటుంది. ఎండ ఏటవాలుగా పడే గంటన్నరలోనే సున్నపు పని ఎత్తుపల్లాలు బయటపడతాయి. సూర్యుడు నడినెత్తికి వచ్చాడంటే అంతా బల్లపరుపు. నేను అరుగు కింద నిలబడి చాలాసేపు ఒకే పువ్వును చూస్తుంటే అక్కడి ముసలి మౌజను సాబ్ దగ్గరికి వచ్చి, "లోపలికి రా బేటా, బయటి నుంచి ఏం చూస్తావ్?" అన్నారు. "బయటిదే చూస్తున్న చాచా, సున్నం పనోళ్ల ఇంటోణ్ని" అన్నాను. ఆయన నవ్వి, "అయితే నువ్వే చెప్పు, గుడ్లు కలిపిన్రా, బెల్లం కలిపిన్రా?" అని అడిగారు. వచ్చినవాళ్లందరూ ఆయన్ను అడిగేది అదే ప్రశ్నట.

పురానాపూల్ దగ్గర మియాఁ మిష్క్ మసీదు కూడా ఈ పరంపరదే, 1678లో పూర్తయింది. కట్టించిన మాలిక్ మిష్క్ ఆఫ్రికా అబిసీనియా మూలాలున్న దర్బారు ఉద్యోగి. మసీదుతోపాటు సరాయి, హమామ్ కూడా ఏర్పాటు చేశాడు. నిర్వహణకు రాబడి చూపిస్తూ తానీషా ఇచ్చిన ఫర్మానాను ఫారసీలో రాతి మీద చెక్కించారు. కట్టడంతో పని అయిపోదని, ఏటేటా పూత వేయించాలని, దీపానికి నూనె కావాలని, ఊడ్చేవాడికి జీతం కావాలని తెలిసినవాళ్లు చేసిన ఏర్పాటు అది. ఖైరతాబాద్ మసీదును ముహమ్మద్ కుతుబ్ షా కూతురు ఖైరున్నిసా బేగం తన గురువు కోసం 1626లో కట్టించిందంటారు. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర హయాత్ బక్షీ బేగం సమాధి పక్కన లేచిన పెద్ద మసీదు 1666-67 నాటిది. హైదరాబాద్ కట్టించిన ముహమ్మద్ కులీ కూతురు, ముహమ్మద్ కుతుబ్ షా భార్య, అబ్దుల్లా తల్లి అయిన ఈవిడే మూడు తరాల గోల్కొండను దగ్గరగా చూసిన మనిషి. హయత్‌నగర్ పేరు ఈవిడదే, అక్కడా ఈవిడ పేరు మీద మసీదు, దాని చుట్టూ విశాలమైన సరాయి ఉన్నాయి.

గోల్కొండ రాజ్యం పోయినంత దూరం సున్నమూ పోయింది. 1641లో ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన శ్రీకాకుళం జామియా మసీదు ఆ రాజ్యపు ఈశాన్య కొసన ఉంది. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్న గండికోటలో జామా మసీదు ఉంది, చుట్టూ వరస కమానుల గదులతో. రంగనాథుడి గుడి, మాధవుడి గుడి, ధాన్యాగారం అన్నీ అక్కడికి నడక దూరమే. అక్కడి రాయి వేరు, ఎర్రటి పెన్నా లోయ రాయి. పైన పూత వేసే చెయ్యి మాత్రం గోల్కొండదే అనిపిస్తుంది.

సున్నపు కట్టడాలకు అసలు శత్రువు వాన కాదు, బాగు చేద్దామనుకునేవాళ్లు. ఒక పాత మసీదులో, ఊరి పేరు వద్దు, పెచ్చులూడిన చోటల్లా సిమెంటు గిలాబు పూశారు. సున్నపు గోడ తడి పీలుస్తుంది, మళ్లీ వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. లోపలి తడిలోని ఉప్పు పేరుకుని, రెండు మూడు వానలకు సిమెంటు పలకతోపాటు కింద మిగిలిన పాత పువ్వును కూడా ఊడబెరుకుతుంది. పైన తళతళలాడే రంగు వేస్తే మరీ ఘోరం. కుతుబ్ షాహీ సమాధుల తోటలో 2013 నుంచి ఆగా ఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి చేసిన పనిలో సమాధుల మీద, మసీదుల మీద పేరుకున్న సిమెంటు పొరలు ఒలిచి మళ్లీ సున్నం వేశారు. 2024 జులైలో ఆ పని ముగించి అప్పగించారు. అక్కడ పనిచేసిన మేస్త్రీల్లో కొందరు ఈ పని అక్కడే నేర్చుకున్న కుర్రవాళ్లు. ఒకడు నాతో, "సిమెంటైతే పొద్దున పూస్తే రేపు మరిచిపోవచ్చు సార్, దీన్ని బాలింతను చూసినట్టు చూడాలె" అన్నాడు. నిజమే, వారాల తరబడి తడి గోనె కప్పి ఎండ తగలకుండా కాయాలి.

చార్మినార్ మీద 2019 మే 1 రాత్రి నైరుతి మీనారు నుంచి సున్నపు అలంకారం ముక్క ఒకటి ఊడి కింద పడింది. అదృష్టం బాగుండి ఎవరికీ తగల్లేదు. మర్నాడు టీవీల్లో అందరూ చార్మినార్ కూలిపోతోందా అని అడిగారు. కూలదు. 400 ఏళ్లు దాటిన పూత ముక్క రాలితే మళ్లీ పూయాలి, అంతే. పూయడానికి నానిన సున్నం గుంటలో సిద్ధంగా ఉందా, తడి చూడగలిగే చెయ్యి జీతం మీద ఉందా అన్నవి అడగాల్సిన ప్రశ్నలు.

తోలీ మసీదుకు పోదలుచుకున్నవాళ్లకు ఒక మాట. శుక్రవారం మధ్యాహ్నం వద్దు, నమాజీలకు అడ్డవుతాం. ఏడు, ఎనిమిది గంటల మధ్య పోయి, అరుగు ఎక్కేముందు చెప్పులు విడిచి, ఎడమ చివరి కమాను దగ్గర మొదలుపెట్టండి. అది అయ్యాక కార్వాన్ రోడ్డు మీదే ఉన్న కుల్సుం బేగం మసీదు చూసి, వెనక్కి తిరిగి పురానాపూల్ వైపు వస్తే మియాఁ మిష్క్ తగులుతుంది. అక్కడికి చేరేసరికి ఎండ ముదిరితే ద్వారం దగ్గరి శాసనం చూడండి, అక్షరాలకు ఏ వేళైనా పరవాలేదు.